‘య్’ లేని చాయ్

ప్రభాకర్ రావు అక్క వచ్చిందంటే జగిత్యాలలో ఆ వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. అలాగని ఆమె ఏమీ గోల చేయదు పాపం. కోరుట్ల బస్సు దిగి, ఆటోలో వచ్చి, సంచి లోపల పెట్టి, కాళ్ళు కడుక్కుని, మరదలు జమున వండింది కడుపునిండా తిని, కాసేపు నడుం వాలుస్తుంది. అంతవరకు అంతా మామూలే. సాయంత్రం నాలుగు కాగానే మాత్రం లేచి, కొంగు సర్దుకుని, చెప్పులేసుకుని, గేటు తీసుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న హన్మండ్లు చాయ్ బండి దగ్గర ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంటుంది. "హన్మండ్లూ, ఓ చాయ్ పొయ్యి" అంటుంది. ఆ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రమూ ఇదే వరస.

తాతల కాలంలో ఊళ్ళు ఏలిన ఇంటి ఆడబిడ్డ, సొంత తమ్ముడి రెండంతస్తుల ఇల్లు ఎదురుగా పెట్టుకుని, రోడ్డు మీద స్టూలేసుకుని చాయ్ ఊదుకుంటూ తాగుతుంటే చూసేవాళ్ళకు ఎంత వినోదం! పోయేవాళ్ళు బండి ఆపి మరీ "బాగున్నవా అమ్మా" అని పలకరించేవాళ్ళు. హన్మండ్లు గిరాకీ కూడా ఆమె ఉన్న నాలుగు రోజులూ బాగా పెరిగేది. మేడమీద కిటికీ పరదా సందులోంచి ప్రభాకర్ రావు ఇదంతా చూసి పళ్ళు నూరేవాడు.

"మీ అక్క గిలాస కింద పెట్టేదాక గా పరదా ఇడువరా ఏంది?" అనేది జమున.

"పరువు తీస్తుంది జమునా! బజార్ల కూసోని పరువు తీస్తుంది!"

"చాయే గదా తాగుతుంది. కల్లు గాదు గదా."

అసలు సంగతి ఇదీ. ప్రభాకర్ రావు అక్క సత్యవతికి చాయ్ అంటే ప్రాణం. కళ్ళు తెరవగానే ఒకటి, స్నానం కాగానే ఒకటి, ఆపైన ఎవరొచ్చినా ఒకటి, ఎవరూ రాకపోతే రాలేదని ఇంకొకటి. అలాంటి మనిషి ఎనిమిదేళ్ళ కిందట, తమ్ముడి కొత్త ఇంటి గృహప్రవేశం నాటి సాయంత్రం గుమ్మంలో నిలబడి, "గీ ఇంట్ల ఇగ చాయ్ ముడితె నేను సత్యవతినే గాదు" అనేసింది. అనేసి కారెక్కి కోరుట్ల వెళ్ళిపోయింది. పోనీ రాకపోకలు మానేసిందా అంటే అదీ లేదు. నెల తిరక్కుండా వస్తుంది, ఉంటుంది, తమ్ముడితో పచ్చీసు ఆడుతుంది, ఓడిపోయేలా ఉంటే గవ్వలు కలిపేస్తుంది. అన్నం తింటుంది, మజ్జిగ తాగుతుంది, జమున చేసిన సకినాలు డబ్బాకెత్తుకుని పోతుంది. చాయ్ ఒక్కటే ముట్టదు. ఎందుకని అడిగితే, "నాకైతె ఎర్కనే. నీకెర్క లేకపోతె నేనేం జెయ్యాలె?" అంటుంది.

ప్రభాకర్ రావుకు మాత్రం తనకు తెలుసనే నమ్మకం. గృహప్రవేశానికి ముందురోజు పాత ఇంట్లో అక్క తన గ్లాసులో నాలుగో చెంచా చక్కెర వేసుకుంటుంటే, చుట్టాలందరి ముందూ "అక్కా, అది చాయా పానకమా?" అని నోరుజారాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వే ఆమె మనసులో ముల్లులా దిగిందని ఆయన లెక్క.

ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కారణం దొరికిందంటే దాని మీద ప్రయోగాలు చేయకుండా ఉండలేడు. మొదట చెంచా నిలబడేంత చక్కెర వేయించి చాయ్ పంపాడు. అది వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చింది. తర్వాత ఆమె మాటలోనే సందులు వెతకడం మొదలుపెట్టాడు. "గీ ఇంట్ల" అంది కదా అని గేటు బయట కుర్చీ వేయించి, అక్కడికి చాయ్ తెప్పించాడు. "పొయ్యి ఏ ఇంట్లది?" అని అడిగింది. "చాయ్" అంది కదా అని కాఫీ పెట్టించాడు. ఆ వాసనకే ఆమె ముక్కు మూసుకుని గ్లాసు వెనక్కి తోసింది. పాలల్లో బూస్టు కలిపిస్తే, "నాకింక పాలపండ్లు ఊడలేదనుకున్నవా?" అంది. ఆఖరికి హన్మండ్లు చాయ్‌నే ఇంట్లోకి తెప్పిస్తే, ఆ గ్లాసు పట్టుకుని గేటు దాటి వెళ్ళి తాగొచ్చింది. ఆ నిష్ఠేదో పూజలో చూపిస్తే ఈపాటికి దేవుడు కనపడి ఉండేవాడు.

ఇలా నడుస్తుండగా ఈ ఏడు రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాయి. ఎదురు వరుసలోని బండ్లన్నీ తీసేయాలన్నారు. హన్మండ్లు కొత్త బస్టాండ్ వైపు మారుతున్నానని వచ్చి చెప్పాడు. "అమ్మకు గూడ చెప్పుండ్రి సార్. అమ్మ పుణ్యాన నా బండికి పేరచ్చింది" అన్నాడు. ప్రభాకర్ రావు పైకి అయ్యో అన్నాడు గానీ, లోపల్లోపల పీడ విరగడైందని సంబరపడ్డాడు. ఆ సంబరం సాయంత్రందాకా కూడా నిలవలేదు.

"హన్మండ్లు పోతె ఇంక నేనాడ రాత్రిళ్ళు ఉండుడు గాదు తమ్మీ," అంది సత్యవతి ఫోన్‌లో. "పొద్దుగాల అచ్చి, ఇంత బువ్వ తిని, మూడు గొట్టంగ బస్సెక్కుత. నాలుక్కు చాయ్ పడకపోతె నా తలకాయ పలుగుతది. కొత్త బస్టాండ్ దాక నడువనీకి నాకు మోకాళ్ళు లెవ్వు."

ప్రభాకర్ రావు ఫోన్ పెట్టేశాడు. అక్క ఉన్న రోజులే ఆ ఇల్లు ఇల్లులా ఉంటుంది. పచ్చీసులో ఆయన్ను అన్యాయంగా ఓడించేది ఆమె ఒక్కతే. "ఓరి ప్రభాకరూ" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంక ఆమె ఒక్కతే మిగిలింది, మిగతా అందరికీ ఆయన సారే. ఇవాళ మూడింటి బస్సంటుంది. తర్వాత నెలకోసారి రావడం రెండు నెలలకోసారి అవుతుంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కనపడితే కనపడినట్టు. తలుచుకుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. కంట్లో నలక పడిందని జమునతో చెప్పాడు.

"రెండు కండ్లల్ల పడ్డదా?" అని అడిగింది జమున.

సరిగ్గా ఆ వారంలోనే సిరిసిల్ల నుంచి విశ్వజిత్ వచ్చాడు. సత్యవతి కొడుకు, ప్రభాకర్ రావుకు మేనల్లుడు. సిరిసిల్లలో సురేందర్ అనే భాగస్వామితో కలిసి బట్టల వ్యాపారం చేస్తాడు. ఇద్దరూ కొత్త మగ్గాలు చూడ్డానికి చైనా వెళ్ళొచ్చారు. మగ్గాల బేరం కుదరలేదు గానీ, అమ్మేవాళ్ళు మర్యాదకిచ్చిన రేకు డబ్బా ఒకటి వాళ్ళతో వచ్చింది. మామకు షుగరు కదా, చక్కెర లేనిది తాగుతాడని దాన్ని ఇటు తెచ్చాడు.

డబ్బా మూత తీసి చూసింది జమునే. లోపల సన్నగా, చదునుగా, ఇస్త్రీ చేసినట్టున్న లేత ఆకుపచ్చ ఆకులు.

"ఇది చింతచిగురెండబెట్టింది గదా? మటన్ల ఏస్తె మంచిగుంటది."

"అయ్యో అత్తమ్మా, గంత పని చెయ్యకు! గ్రీన్ టీ అది. మన దుకాన్లల్ల దారం కట్టి అమ్ముతరు సూడు, గది గాదు. అసలు ఆకు. ఉత్త ఏడినీళ్ళల్ల ఏసుకునుడే. పాలు పొయ్యొద్దు, సక్కెర ఎయ్యొద్దు, నీళ్ళు గూడ మసలొద్దు."

ప్రభాకర్ రావు కుర్చీలో ముందుకు జరిగాడు. "పాలుండయా?"

"ఉండయి మామయ్యా."

"చాపత్త? చాయ్ పొడి?"

"చాపత్త ఎందుకుంటది? గీ ఆకే."

మేనల్లుడు అటు వెళ్ళాడో లేదో, ఇటు ఆయన కోరుట్లకు ఫోన్ కలిపాడు. ప్రశ్న ఎలా అడగాలో ముందే రెండుసార్లు మనసులో అనుకున్నాడు. డబ్బా మాట ఎత్తలేదు, టీ అన్న మాట అసలే ఎత్తలేదు. "అక్కా, ఒక ఆకున్నది. ఏడినీళ్ళల్ల ఏస్తరు. పాలుండయి, సక్కెరుండది, చాపత్తుండది. అది చాయ్ అయితదా?"

సత్యవతి ఒక్కొక్కటే లెక్కేసింది. "పాలు లేక, సక్కెర లేక, చాపత్త లేక… అది చాయెట్లయితది రా? కసాయమయితది."

"తాగుతవా మరి, మా ఇంట్ల?"

"కసాయమయితె తాగుత తియ్" అంది. ఆ గొంతులో ఏదో మెత్తదనం వినిపించి ప్రభాకర్ రావు ఎగిరి గంతేసినంత పని చేశాడు. వచ్చే ఆదివారం అని ఖాయం చేసుకున్నారు.

ఇక చూడండి ఆయన తంటాలు. మొదటిరోజు మేనల్లుడి మాట మరిచి మసిలే నీళ్ళే పోసి, పది నిమిషాలు మూతపెట్టాడు. వేపపుల్ల నమిలినంత చేదు. రెండోరోజు నీళ్ళు మరీ చల్లారాక పోశాడు. ఆకులు నీళ్ళ మీద తేలుతూ ఉండిపోయాయి, రుచి అంటూ ఏమీ దిగలేదు. మూడోరోజు జమున వంటింట్లోకి వచ్చేసరికి ఆయన జ్వరం చూసే థర్మామీటరును గిన్నెలో ముంచి, అద్దాలు పైకెత్తి అంకెలు చూస్తున్నాడు.

"నీళ్ళకు జరమచ్చిందా ఏంది?"

"ఎనభై డిగ్రీలుండాలె జమునా, మధ్యల మాట్లాడకు."

"ఎనభై అంటె పెద్ద జరమే. ఓ గోళీ గూడ ఏద్దామా?"

ఆ థర్మామీటరు ఆ తర్వాత ఎవరి జ్వరానికీ పనికిరాలేదు. నాలుగోరోజు ఆయన అంకెలు మానేసి గిన్నెను చూడ్డం మొదలుపెట్టాడు. అడుగున ఆవగింజలంత బుడగలు లేచి, గిన్నె సన్నగా గుసగుసలాడగానే దించేశాడు. కాసేపు ఆగి, పొడుగు గాజుగ్లాసులో చిటికెడు ఆకు వేసి, అంచు వెంట నెమ్మదిగా పోశాడు. ఆకులు మొదట పైనే పడుకుని మొండికేశాయి. తర్వాత ఒక్కొక్కటే నిటారుగా లేచి, నాటేసిన మడిలో నారులా కాసేపు నిలబడి, మెల్లగా అడుగుకు దిగాయి. నీళ్ళు లేత పెసర రంగుకు తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెనం మీద పెసలు వేయిస్తున్నప్పటి కమ్మదనం. నోట్లో పోసుకుంటే ముందు ఏమీ లేదనిపించింది, తర్వాత నాలుక పక్కల్లో కొంచెం వగరు తెలిసింది, మింగాక మాత్రం ఉసిరికాయ తిని నీళ్ళు తాగినప్పటిలా గొంతులో తీపి నిలిచింది. షుగరొచ్చిన పదేళ్ళ తర్వాత, ఎవరూ వద్దనని తీపి! ప్రభాకర్ రావు కళ్ళు మూసుకుని ఆ తీపి పోయేదాకా కూర్చున్నాడు.

జమున ఒక గుక్క తాగి, "పెసలు కడిగిన నీళ్ళ తీర్గున్నది" అంది. అని, ఇంకో గుక్క తాగింది. మూడో గుక్కకు గ్లాసు తన దగ్గరే పెట్టుకుంది.

ఇంకో సంగతి కూడా ఆయనకు తెలిసింది. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోస్తే రుచి ఇంకా బాగుంది. మొదటి నీళ్ళకు ఆకు సగమే విచ్చుకుంటుంది, రెండో నీళ్ళకే దాని అసలు కమ్మదనం దిగుతుంది. విశ్వజిత్‌ను అడిగితే అక్కడివాళ్ళు కూడా చాలామంది అదే అన్నారన్నాడు. ప్రభాకర్ రావు అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాడు, అక్కకు ఇచ్చేది రెండో నీళ్ళేనని. ఆ అనుకోవడం ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆదివారం రానే వచ్చింది. సత్యవతి ఆటో దిగి ఎదురు వరుస వైపు చూసింది. హన్మండ్లు బండి ఉన్నచోట నాలుగు ఇటుకలు, నల్లటి మసి మరక మిగిలాయి. "పోయిండా?" అంది. ఆ పొద్దునే వెళ్ళాడని జమున చెప్పింది. ఆమె చేతిలో ఎప్పుడూ ఉండే బట్టల సంచి లేదు, పర్సు ఒక్కటే ఉంది. ప్రభాకర్ రావు ముందు అదే చూశాడు.

మధ్యాహ్నానికి విశ్వజిత్ కూడా వచ్చాడు. ఆదివారమే కదా అని సురేందర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. సురేందర్ మంచివాడు, మాటకారి. ఈ ఇంట్లో చాయ్‌కి సంబంధించిన చరిత్ర మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

భోజనాలయ్యాక ప్రభాకర్ రావు హాల్లో బల్ల మీద సరంజామా అంతా పరిచాడు. చిన్న గాజు జగ్గు, దానికి రెండు గ్లాసులు నిండేంత నీళ్ళే పడతాయి. ఆకు వేశాడు, నీళ్ళు పోశాడు. ఆకులు లేచి నిలబడుతుంటే, కాలేజీలో ప్రయోగం చూపిస్తున్నట్టు అందరినీ ముందుకు జరగమన్నాడు.

"మేం ఆడ దినాం తాగినం సార్!" అన్నాడు సురేందర్ ఉత్సాహంగా. "దీన్ని వాళ్ళేమంటరో ఎర్కనా? చా అంటరు. చా!"

ప్రభాకర్ రావు చేతిలోని నీళ్ళగిన్నె తొణికింది. విశ్వజిత్ బల్ల కింద సురేందర్ కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఏమంటరూ?" అంది సత్యవతి.

"చా అమ్మా. మన చాయ్ గూడ గా మాటకెళ్ళే అచ్చిందట. ఏంది విశ్వజిత్, కాలు తొక్కుతున్నవ్?"

"ఓహో, గట్లనా." సత్యవతి తమ్ముడి వైపు తిరిగింది. "కసాయమంటివి గదా రా?"

"అక్కా, అది చా. చాయ్ గాదు! చా వేరు, చాయ్ వేరు. చా ల ‘య్’ ఏదీ?"

"మన నాయినమ్మ గూడ చా అనేది గదా. ‘చా పొయ్యిండ్రే’ అని పొద్దుగాల్నే ఒర్రేది."

"ఆమెకు పండ్లు లేకుండె అక్కా! ‘య్’ పలుకకపోయేది!"

‘య్’ పలకడానికి పళ్ళతో పనేమిటని అక్కడెవరూ అడగలేదు. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యవతి పెదాలు బిగబట్టింది గానీ ఆగలేక పకాలున నవ్వేసింది. నవ్వి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, "సరె తియ్. ‘య్’ లేదు గదా, తాగుత" అంది. ఆమె కూడా ఇన్నేళ్ళూ ఇలాంటి సందు ఒకటి దొరికితే బాగుండునని చూస్తోందని ప్రభాకర్ రావుకు ఆ నవ్వులో తెలిసిపోయింది. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. ఆ ఆనందంలోనే మొదటి నీళ్ళను రెండు గ్లాసుల్లో వంచి, పళ్ళెంలో పెట్టుకుని లేచాడు. సత్యవతి చెయ్యి చాచింది.

పళ్ళెం ఆమె ముందు నుంచి సురేందర్ దగ్గరికి వెళ్ళింది.

"తీసుకో సురేందర్, నువ్వు ఇంటికచ్చిన మనిషివి. విశ్వజిత్, నువ్వు గూడ తీసుకో," అన్నాడు ప్రభాకర్ రావు నవ్వుతూ, జగ్గులో మళ్ళీ నీళ్ళు పోస్తూ. "అక్క మనదే గదా. అక్కకు తర్వాత."

చాచిన చెయ్యి ఒళ్ళోకి వెళ్ళిపోయింది. సత్యవతి ముఖంలో నవ్వు ఎక్కడా లేదు. ఆమె లేచి పర్సు తీసుకుంది.

"బస్సుకు టైమయితుంది," అంది. అని, ఎవరివైపూ చూడకుండా గుమ్మం దాటి, గేటు దాటి వెళ్ళిపోయింది.

ప్రభాకర్ రావుకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత పరిగెత్తాడు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి జమున చెప్పు. రోడ్డవతల, బండి లేని చోట, నాలుగు ఇటుకల పక్కన సత్యవతి నిలబడి ఉంది. కాళ్ళు అలవాటుగా అక్కడికే తీసుకెళ్ళాయి గానీ, అక్కడ స్టూలు లేదు, చాయ్ లేదు.

"ఏమైందక్కా? గిప్పుడే గదా తాగుత అంటివి!"

"గిప్పుడేమంటివి నువ్వు?"

"ఏమన్న?"

"గా రోజు గూడ గదే మాటంటివి. ఇల్లు జొచ్చిన రోజు."

"గా రోజా? గా ముందురోజు పానకం అన్న. తప్పే, అనకుండాలె…"

సత్యవతి నోరు తెరుచుకుని చూసింది. "పానకమా? ఎనిమిదేండ్ల సంది నువ్వు పానకం కాడనే ఉన్నవా? ఓరి దేవుడా! చిన్నప్పటికెళ్ళి నువ్వు నన్ను అననిదేమున్నది రా, పానకానికి అలగనీకి?"

"మరి?"

ఆమె ఇటుకల వైపు చూస్తూ చెప్పింది. "గా రోజు పొద్దుమూకంగ పెద్ద పెద్దోళ్ళచ్చిండ్రు నీ ఇల్లు జూడనీకి. చాయ్ పళ్ళెం నా ముందటికెళ్ళి పోతుంటె చెయ్యి సాపిన. నువ్వు అంటివి, ‘అక్క మనదే గదా, అక్కకు తర్వాత’ అని. నిజమే, మనదాన్నే గదా అని కూసున్న. పళ్ళెం మల్ల పోయింది. ఇంకోపారి పోయింది. అందరు తాగిండ్రు. ఆఖరికి వాళ్ళ డ్రైవర్లు గూడ తాగిండ్రు. గిలాసలు కడిగి బోర్లిచ్చిండ్రు. నాకు మాత్రం రాలే." ఆమె ఒక ఇటుకను కాలితో పక్కకు నెట్టింది. "చాయ్ గురించి గాదు రా. కావాలంటె నా అంతట నేను పోయి పెట్టుకోనా? నువ్వు తర్వాత అన్నవ్. గా తర్వాత ఎప్పుడస్తదా అని ఎనిమిదేండ్ల సంది నీ ఇంటెదురుంగ కూసున్న."

ప్రభాకర్ రావుకు అప్పుడు గుర్తొచ్చింది. పళ్ళెం గుర్తొచ్చింది, చాచిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ మాట నిజంగా ప్రేమతోనే అన్నాడు. అక్కతో తనకు మర్యాదలేమిటి అనే ధీమాతో అన్నాడు. అని, ఆ ధీమాతోనే మరిచిపోయాడు. ఆమె రోడ్డు మీద కూర్చుంటే తన పరువు పోతోందని పరదా చాటు నుంచి చూశాడే గానీ, ఆమె దేనికోసం కూర్చుందో ఒక్కసారి దిగివచ్చి అడగలేదు. ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. ఈసారి కంట్లో నలక అనలేదు.

"తప్పయింది అక్కా," అన్నాడు. "ఇయ్యాల మాత్రం… రెండో నీళ్ళే మంచిగుంటయక్కా. గందుకే నీకని ఉంచిన."

"గది నాకెట్ల తెలువాలె? చెప్పినవా?"

"చెప్పలే."

"చెప్పలే. మనదే గదా, ఎందుకు చెప్పుడు!" అంది సత్యవతి, కళ్ళు తుడుచుకుంటూ. అప్పుడామె చూపు ఆయన కాళ్ళ మీద పడింది. "గదేంది రా, గా చెప్పులేంది?"

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి హాల్లో ఎవరూ కదల్లేదు. బల్ల మీద జగ్గు అలాగే ఉంది. పోసిన నీళ్ళు ఆకు మీదే ఉండిపోయి ముదురు పసుపుకు తిరిగాయి. ప్రభాకర్ రావు వాటిని పారబోయబోతే, సత్యవతి గ్లాసులో వంచుకుని ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది.

"చేదు."

"ఆకు మీద చానసేపు ఆగినయ్ గదక్కా. ఎంబడే వంచితె తియ్యగుండె."

"గదే మరి నేను జెప్పేది," అంది ఆమె. గ్లాసు పక్కన పెట్టింది. "ఇగ నాకు నీ ఆకు నీళ్ళద్దు. చాయ్ పెట్టు."

అందరూ ఆమె వైపు చూశారు. "చాయా? మరి నీ మాట అక్కా?" అన్నాడు ప్రభాకర్ రావు.

"నా మాట సంగతి నేను జూసుకుంట. నీ చేత్తోని పెట్టాలె. జమునా, నువ్వు పొయ్యి కాడికి పోయినవంటె ఊకోను."

"నాకు చాయ్ పెట్టుడు రాదక్కా!"

"చైనా నీళ్ళు కాగబెట్టుడు అచ్చింది గదా. చాయ్ రాదా?"

జన్మలో ఎప్పుడూ చాయ్ పెట్టని మనిషి వంటింట్లోకి వెళ్ళాడు. ఏదో గిన్నె కిందపడింది. చాపత్త డబ్బా ఎక్కడుందని కేకేశాడు, చెప్పాక ఆవాల డబ్బా తెరిచాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మాడిన వాసన హాల్లోకి వచ్చింది. జమున రెండుసార్లు లేవబోతే, సత్యవతి రెండుసార్లూ చెయ్యిపట్టి కూర్చోబెట్టింది.

"అక్కా! సక్కెర ఎన్ని చెంచాలు?" అని లోపల్నుంచి కేక.

"పానకమయ్యేదాక!"

ఆఖరికి ఆయన బయటికొచ్చాడు. అద్దాల మీద ఆవిరి, చొక్కా మీద పాలు. పళ్ళెంలో ఒకే ఒక్క గ్లాసు. సురేందర్ అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. ప్రభాకర్ రావు పళ్ళెం పక్కకు తిప్పుకుని, "నీకు తర్వాత సురేందర్" అన్నాడు. నేరుగా అక్క దగ్గరికి వెళ్ళి, గ్లాసు రెండు చేతులతో అందించాడు.

సత్యవతి తీసుకుంది. ఊదింది. ఒక గుక్క తాగింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"మాడింది," అంది.

ఇంకో గుక్క తాగింది. "చాపత్త ఉడుకలే. సక్కెరంత అడుగున్నే ఉన్నది."

అలా వంక పెట్టుకుంటూ, ఊదుకుంటూ, ఆఖరి బొట్టుదాకా తాగింది. అడుగున మిగిలిన చక్కెరను గ్లాసు వంచి వేలితో తీసుకుని చప్పరించింది. కొంగుతో మూతి తుడుచుకుని గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టింది.

"నా మాట పోలే తమ్మీ."

"ఎట్లక్కా?"

"గిది చాయ్ గాదు. ఉత్త చా. దీంట్ల ‘య్’ లేదు." ఆమె కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుంది. "రేపు మల్ల పెట్టు. ‘య్’ అచ్చేదాక పెడుతనే ఉండు. జమునా, ఓ చీరె తీసిపెట్టు, నేను బట్టలు తెచ్చుకోలే."